తప్పు నా గడియారానిది కాదు

నేను ఒక పసుప్పచ్చ డబ్బాని. చూడ్డానికి పాల క్యానంత ఉంటాను. మీరు నన్ను చూసి ఉండరు, ఎందుకంటే నా ఉద్యోగం సముద్రం అడుగున. నన్ను నోడ్ అంటారు. నా కడుపులో నాలుగు చెవులు, ఒక గడియారం, కొన్ని బ్యాటరీలు ఉన్నాయి. నోరు మాత్రం లేదు. నోరే ఉంటే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు, ఆ మీటింగు హాల్లోనే ఒక్కొక్కరినీ నిలబెట్టి కడిగేసేదాన్ని.

ఇప్పుడు నా మకాం ఒక అద్దాల పెట్టె. కాకినాడ ఊరి చివర ఒక శిక్షణ కేంద్రం ఉంది, చమురు కంపెనీవాళ్ళది. ఆ పెట్టె దాని వరండాలో ఉంది. నా ముందు ఒక అట్ట. దాని మీద గుండ్రటి అక్షరాలతో రాసిపెట్టారు: "గడియారం చెడిపోయిన నోడ్. దీని తప్పుడు సమాచారం వల్లే బావి దగ్గర ప్రమాదం జరిగింది." కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాళ్ళు వస్తారు, అట్ట చదువుతారు, నా వంక జాలిగా చూస్తారు, టీ తాగడానికి వెళ్ళిపోతారు. ఒళ్ళు మండదా మరి? నాకు మండుతుంది. ఎంత మండుతుందో చెబుతాను, కాస్త వినండి. వినడం మీ జాతికి పెద్దగా అలవాటు లేదని నాకు తెలుసు. అయినా చెబుతాను.

నేను పుట్టింది ఇక్కడ కాదు. ఉత్తరాన చలిదేశంలో, సముద్రపు పాయ ఒడ్డున ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. నాకు గడియారం బిగించినావిడ పేరు ఇంగ్రిడ్. నెరిసిన జుట్టు, చిటపటలాడే మొహం. ఆవిడ ఎవర్నీ ఊరికే నమ్మే రకం కాదు. సముద్రం అడుగున ఎంత చలి ఉంటుందో అంత చలి ఉండే బీరువా ఒకటి పెట్టుకుంది. మమ్మల్ని అందులో పడేసి, ఆకాశంలో తిరిగే ఉపగ్రహాల గడియారంతో మా గడియారాలను పోల్చి చూసేది. చలికి వెనకబడ్డవాటిని నిర్దాక్షిణ్యంగా విప్పి పారేసేది. నేను నెగ్గాను. నా మూత మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచి పక్క గదికి పంపింది. పొగడ్త అంటే అదే ఆవిడకి. నన్ను పరీక్షించి మరీ నమ్మిన మొదటి మనిషి ఆవిడ. రెండో మనిషి దొరకడానికి నేను సముద్రాలు దాటి రావాల్సి వచ్చింది.

ఒక సర్వే కంపెనీ నన్ను కొని, నాలాంటి వందలమందితో కలిపి కంటెయినర్లో కాకినాడ రేవుకు చేర్చింది. చమురు కంపెనీకి బంగాళాఖాతంలో ఒక బావి తవ్వాలని ఉంది. నీళ్ళే కిలోమీటరుకు పైగా లోతు ఉండే చోటు. అంత లోతులో గుడ్డిగా తవ్వితే కొంప మునుగుతుంది కాబట్టి ముందు భూమి లోపలి బొమ్మ కావాలి. బొమ్మంటే ఫొటో కాదు. అక్కడికి వెలుతురు పోదు, శబ్దమే పోవాలి. పైన ఓడ వెనక గాలి తుపాకులు కట్టి పేలుస్తారు. ఆ మోత నీళ్ళు దాటి, అడుగు దాటి, మట్టిలోకీ రాళ్ళలోకీ దిగుతుంది. ఒక్కొక్క పొర కొంత మోతను వెనక్కి కొడుతుంది. సముద్రం అడుగున వరసలు కట్టి కూర్చున్న మేము ఏ చప్పుడు ఎప్పుడు వచ్చిందో రాసుకుంటాం. ఎప్పుడు అన్నదే ముఖ్యం. త్వరగా వస్తే పొర పైన ఉన్నట్టు, ఆలస్యంగా వస్తే లోతున ఉన్నట్టు. అందుకే నాకు గడియారం ప్రాణం.

సర్వే జరిగినన్నాళ్ళూ చుట్టుపక్కల పడవలు వలలు వేయకుండా కాపలా కాయడానికి ఉప్పాడ మత్స్యకారుల పడవల్ని అద్దెకు పెట్టుకున్నారు. వాటిలో ఒకదాని యజమాని మైలపల్లి నూకయ్య. తన సముద్రంలో తన వాళ్ళ మీదే వల వేయొద్దని అరవాల్సిన ఉద్యోగం అది. తిట్లన్నీ తనే తినేవాడు. ఓడ నుంచి ఒడ్డుకు మనుషుల్ని చేరవేసే పని కూడా అతనిదే. అలా అతని పడవెక్కిన మనిషి ఓలేటి మృణాళిని. చమురు కంపెనీలో భూభౌతిక శాస్త్రవేత్త. బావి దారిలో ప్రమాదం లేదని సంతకం పెట్టాల్సిన మనిషి ఆమే. పడవెక్కిన దగ్గర్నుంచీ ఆమెకు కడుపులో తిప్పేది. నూకయ్య నిమ్మకాయ చేతిలో పెట్టి, మాటల్లో పెట్టేవాడు. అతనికి ఉన్న మాటలన్నీ అల్లుడి గురించే. కూతురు లోవలక్ష్మికి మొగుడు, కొండబాబు, ఐటీఐ చదివాడు, డ్రిల్లింగ్ ఓడలో పని దొరికింది. వలలు లాగే బతుకు తనతోనే పోతుందని నూకయ్యకు ఎంత సంబరమో. ఓడ మీద డెక్కు అంచున నన్ను నీళ్ళలోకి దించబోతూ ఉండగా కింద పడవలోంచి ఈ కబుర్లన్నీ నా చెవిన పడ్డాయి.

తర్వాత రోబో చెయ్యి నన్ను పట్టుకుని కిందికి తీసుకుపోయి, సాపుగా ఉన్న బురద నేల మీద కూర్చోబెట్టింది. సాపుగా అన్నమాట గుర్తుపెట్టుకోండి.

మోతలు మొదలయ్యాయి. నేను రాసుకోవడం మొదలుపెట్టాను. నీళ్ళలోంచి నేరుగా వచ్చే మొదటి చప్పుడు ఠంచనుగా వచ్చేది. పై పొరల చప్పుళ్ళూ వేళకే వచ్చేవి. కానీ ఒక లోతు దాటాక వచ్చేవి మాత్రం కాళ్ళీడ్చుకుంటూ వచ్చేవి, బురదలో నడిచొచ్చిన మనిషిలాగా. ఎందుకో నాకు తెలుసు. నా కింద కొంత దూరంలో గ్యాసు ఉంది. ఇసుక సందుల్లో ఊపిరి బిగబట్టుకుని ఉంది. గ్యాసున్న చోట శబ్దం మందగిస్తుంది. నా ఇరుగుపొరుగు ముగ్గురికీ ఇదే అనుభవం. నలుగురమూ ఉన్నదున్నట్టు రాసుకున్నాం. ఇంతకు మించి మేమేం చేయగలం?

సర్వే ముగిసే వేళకు తుఫాను పట్టుకుంది. మమ్మల్ని పైకి తీయాల్సిన ఓడ మొహం తిప్పుకుని రేవుకు పోయింది. మా వరస అలాగే అడుగున ఉండిపోయింది. ఓడ తిరిగొచ్చేసరికి మా బ్యాటరీలు అయిపోయాయి. మామూలుగా పైకి తీయగానే చేసే మొదటి పని మా గడియారాన్ని ఉపగ్రహం గడియారంతో సరిచూడడం. మా వరస గడియారాలు ఆగిపోయి ఉన్నాయి కాబట్టి అది కుదరలేదు. విన్నదంతా లోపల భద్రంగానే ఉంది. కానీ మేము వేళకు నడిచామా లేదా అన్నది చూసినవాడు లేడు. ఆ ఒక్క సందు దొరికింది వీళ్ళకి.

హైదరాబాదు ఆఫీసులో ఏం జరిగిందో తర్వాత మృణాళిని నూకయ్యకు చెబుతుంటే విన్నాను. వింటుంటే నా నట్లు ఊడిపోతాయేమో అనిపించింది. చమురు కంపెనీ తరఫున అక్కడ ఈ బొమ్మ వేయించే చీఫ్ ఉమాపతి గారు. పైనుంచి ఆయనకు ఒకటే మాట, లోతునీటి బావి కాబట్టి బొమ్మలో కచ్చితత్వం పెరగాలి అని. ఆయన రాత్రింబవళ్ళు కష్టపడ్డారు, అది నేను కాదనను. ఎటొచ్చీ కచ్చితమైన బొమ్మ అంటే నున్నటి బొమ్మ అని ఆయన బుర్రలో పడిపోయింది. బొమ్మంతా చక్కగా పరిచిన చాపలా ఉంది, మా నలుగురి కింద మాత్రం పొరలు గుంటపడి కనిపించాయి. గ్యాసులో శబ్దం ఆలస్యమైతే కింది పొరలు అలా కుంగినట్టే కనిపిస్తాయి మరి. అది గ్యాసు గుర్తు. కాస్త ఆగి ఆలోచించినా తట్టేది. ఆయన ఆగలేదు. ఈ ప్రాంతంలో పొరలు ఇలా కుంగవు, ఈ నాలుగింటికీ బ్యాటరీలు పోయాయి, అంటే గడియారాలు గాడి తప్పాయి, సరిచేయండి అన్నారు. అంటే నేను రాసిన వేళలన్నిటినీ ముందుకు జరిపి, చప్పుళ్ళు త్వరగా వచ్చినట్టు చూపడం అన్నమాట.

జరిపారు. జరపగానే ఇంకో చిక్కు వచ్చింది. నీళ్ళలోంచి నేరుగా వచ్చే చప్పుడు ఠంచనుగా వచ్చిందని చెప్పాను కదా. నా వేళలు ముందుకు జరిపితే అది కూడా ముందుకు జరిగి, రావాల్సిన దానికన్నా ముందే వచ్చేసినట్టయింది. బుద్ధున్నవాడైతే అక్కడ ఆగి, అయ్యో గడియారం బాగానే ఉందే అనుకోవాలి. వీళ్ళేమన్నారో తెలుసా? చప్పుడు ముందే వచ్చిందంటే నోడ్ మనం అనుకున్న దానికన్నా ఎత్తులో ఉండి ఉంటుంది, బురద దిబ్బ మీద కూర్చుని ఉంటుంది అన్నారు. సాపు నేల మీద కూర్చున్న నా కింద కంప్యూటరులో ఒక దిబ్బ కట్టారు. నా గడియారం తప్పు, నేను కూర్చున్న చోటు తప్పు, వాళ్ళ బొమ్మ ఒక్కటే ఒప్పు. ఇంతకన్నా అన్యాయం ఇంకెక్కడైనా ఉంటుందా?

మమ్మల్ని అలా సరిచేయగానే గుంట పూడింది. పూడడమే కాదు, దాని కింద ఉన్న గుమ్మటం నిటారుగా లేచి నిలబడింది. చమురు ఆ గుమ్మటంలోనే ఉంటుందని వాళ్ళ ఆశ. గుమ్మటం లేచేకొద్దీ ఆశ లేచింది. సరిగ్గా మా నలుగురి కిందే శిఖరం. బావి అక్కడే అని తేల్చేశారు. భాగస్వామి కంపెనీవాళ్ళు వచ్చి బొమ్మ చూసి చప్పట్లు కొట్టారట. ఆఫీసంతా కాజాలు పంచారట. గ్యాసు మీద కూర్చుని కాజాలు తిన్న మనుషుల్ని నేను వీళ్ళనే విన్నాను.

చప్పట్లు కొట్టని మనిషి ఒక్కతే ఉంది. మృణాళిని ఆ బొమ్మకు ముందు వేసిన బొమ్మ, అంటే గుంట ఉన్న బొమ్మ, తెప్పించుకుని చూసింది. పక్కపక్కనే ఉన్న నాలుగు గడియారాలు ఒకేలా చెడిపోవడమేమిటని ఆమెకు పట్టుకుంది. వరసలో మిగతావాటికీ బ్యాటరీలు పోయాయి, వాటి గడియారాలు మాత్రం బాగానే ఉన్నాయట! నోడ్లను చల్లటి గదిలో పెట్టి పరీక్ష చేయించండి అని అడిగింది. ఆ ల్యాబు విదేశంలో ఉంది, పంపి తెప్పించడానికి నెలలు పడుతుంది, డ్రిల్లింగ్ ఓడ అప్పటికే రేవుకు వచ్చేసింది అన్నారు ఉమాపతి గారు. పైగా నోడ్లు ఎక్కడున్నాయో కూడా తెలియదన్నారు.

ఎక్కడున్నామో నేను చెబుతాను. మా నలుగురికీ ఎర్ర చీటీ అంటించి, పనికిరాని సామానుతో కలిపి అమ్మేశారు. జగన్నాథపురంలో పాత ఇనప సామాన్ల కొట్టు వాడు కొన్నాడు. ముగ్గురిని అప్పటికే కొలిమికి పంపేశాడు. నా మూత చదునుగా ఉందని నా మీద మంచినీళ్ళ కుండ పెట్టుకున్నాడు. సముద్రం అడుగున భూమి మాటలు విన్న చెవులు, అక్కడ కుండ కారే చప్పుడు విన్నాయి. అవమానమా అంటే అవమానమే. కానీ ఆ కుండే నన్ను కొలిమి నుంచి కాపాడింది.

మృణాళిని సెలవు పెట్టి కాకినాడ వచ్చింది. నూకయ్యను వెంటబెట్టుకుని కొట్లన్నీ గాలించి నన్ను పట్టుకుంది. కుండ దింపించి, నా నెంబరు చూసి, కొంగుతో నా మూత తుడిచింది. నూకయ్యకు ఏమీ అర్థం కాలేదు. ఈ డబ్బాలో బాంబేమైనా ఉందా అని అడిగి, రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాడు.

ఇక్కడ ఆమెకు తట్టిన ఉపాయం చూడండి. విదేశంలో ల్యాబు లేకపోతేనేం, సముద్రం అడుగున ఉండేంత చలి ఉప్పాడలో ప్రతి పడవలోనూ ఉంటుంది. చేపల ఐస్ పెట్టె. నాలో కొత్త బ్యాటరీలు వేసి, నన్ను నూకయ్య పడవలో ఐస్ పెట్టెలోకి దించింది. పక్కన వంజరం, పైన చందువలు. ఒక థర్మామీటరు గుచ్చి, నీళ్ళూ ఐసూ కలిపి సరిగ్గా కావాల్సిన చలి కుదిర్చింది. రోజూ వచ్చి నా గడియారాన్ని ఉపగ్రహం గడియారంతో పోల్చి చూసుకునేది. ఇంగ్రిడ్ తర్వాత నన్ను అలా చూసిన మనిషి మళ్ళీ ఈమే. నూకయ్య ఐసు కరిగినప్పుడల్లా పోస్తూ, కన్నకూతురికి కూడా ఇంత చాకిరీ చేయలేదని సణిగేవాడు. చేపల వాసన నాకు పట్టిందో, నా వాసన చేపలకు పట్టిందో గానీ ఆ వారం అతని చేపలు ఎవరూ కొనలేదట.

ఆ రోజుల్లోనే కొండబాబును దగ్గర్నుంచి విన్నాను. ఓడ ఎక్కే ముందు మామను చూడ్డానికి పడవ మీదికి వచ్చేవాడు. మనిషి ఉన్నచోట నిశ్శబ్దం ఉండదు. ఫోనులో పాటలు, పాటలతో పాటు తన పాట, మధ్యలో లోవలక్ష్మికి ఫోను. ఐస్ పెట్టె మీద కూర్చుని చేతివేళ్ళతో దాని మూత మీద దరువు వేసేవాడు. నేను ఎన్నో మోతలు విన్నాను, ఆ దరువంత ముద్దుగా ఏదీ అనిపించలేదు.

పరీక్ష ముగిసింది. నా గడియారం వెంట్రుకవాసి కూడా అటూ ఇటూ కాలేదు. మృణాళిని అంకెలన్నీ మళ్ళీ ఒకసారి సరిచూసుకుంది. తర్వాత నూకయ్యకు అంతా విడమరిచి చెప్పింది, గడియారం మంచిదే అయితే ఆలస్యం నిజమే, ఆలస్యం నిజమైతే కింద గ్యాసు నిజమే అని. నూకయ్య ఐస్ పెట్టె మూత మూసి ఆమె వైపు తిరిగాడు.

"మరైతే అమ్మగారూ, మావోడు ఎక్కే ఓడ తవ్వేది అక్కడేనాండీ?"

"అక్కడే బాబాయ్. నేను ఆపుతాను."

కూతురి మొగుడి ప్రాణం ఆమె మాట మీద పెట్టి నూకయ్య ఇంటికి వెళ్ళాడు. ఆమె నన్ను గోనెసంచిలో చుట్టుకుని హైదరాబాదు బస్సెక్కింది.

మీటింగు హాల్లో నన్ను బల్ల మీద పెట్టింది. చేపల వాసన హాలంతా అలుముకుంది. ఉమాపతి గారు జేబురుమాలు ముక్కుకు పెట్టుకున్నారు. ఆమె చెప్పాల్సినవన్నీ నిదానంగా చెప్పింది. నేరుగా వచ్చిన చప్పుడు వేళకే వచ్చిందన్నది, ఆ దిబ్బ కంప్యూటరులో తప్ప సముద్రంలో లేదన్నది, చలిలో గడియారం నిక్కచ్చిగా నడిచిందన్నది. బావిని అర కిలోమీటరు పక్కకు జరిపితే చాలన్నది. పక్కకు జరిపితే గుమ్మటం శిఖరం తప్పుతుంది, అంతే, ప్రాణాలు దక్కుతాయి అన్నది.

"చేపల పెట్టెలో పెట్టి పరీక్ష చేశావా, అమ్మా?" అన్నారు ఉమాపతి గారు. హాలంతా నవ్వింది. నవ్వులు సద్దుమణిగాక ఆయన ఇంకో మాట అన్నారు. "ఈ ఒక్కటి బాగుంది, ఒప్పుకుంటాను. మిగతా మూడూ బాగున్నాయని ఏమిటి రుజువు? వాటిని కూడా తీసుకురా, చూద్దాం."

మిగతా మూడింటినీ కొలిమికి పంపింది ఎవరు? వీళ్ళు. అంటించిన ఎర్ర చీటీ మీద సంతకం ఎవరిది? ఆయనది. సాక్షుల్ని కరిగించేసి సాక్ష్యం తెమ్మంటున్నాడు పెద్దమనిషి! నేను బల్ల మీద కూర్చుని ఉడికిపోయాను. ఉమాపతి గారు దుర్మార్గుడైతే నాకు ఇంత కోపం ఉండేది కాదు. ఆయన మంచివాడు. ఎవరింట్లో పెళ్ళయినా ముందుంటాడు, కింది ఉద్యోగుల్ని కసురుకోడు. ఆ బొమ్మ మీద మనసు పడ్డాడు. మనసు పడ్డ మనిషికి కళ్ళు కనిపిస్తాయి గానీ చెవులు వినపడవు.

మృణాళిని సంతకం పెట్టనంది. ఇంకొకరు పెట్టారు. ఆమెను కాకినాడ శిక్షణ కేంద్రానికి పాఠాలు చెప్పుకోమని బదిలీ చేశారు. నన్ను వెంట తెచ్చుకుంది, ఇంట్లో చేపల వాసన భరించలేక నూకయ్య పడవలోనే వదిలింది. అప్పటికే కొండబాబు హెలికాప్టరెక్కి ఓడ మీదికి వెళ్ళిపోయాడు. నూకయ్య ఫోను చేసి దిగి వచ్చేయమని బతిమాలాడు. కాంట్రాక్టు పని, దిగిపోతే మళ్ళీ పిలవరు మావా, ఇంతమంది ఇంజనీర్లు ఉన్నారు, వాళ్ళకు తెలీదా అన్నాడు కొండబాబు. మృణాళిని తన వంతుగా ఫోను చేసి, గ్యాసు బయటికి వదిలే పైపు మూతి దగ్గరికి మాత్రం పోకు నాయనా అంది. నవ్వి, సరేనండి అన్నాడట. పోకుండా ఎలా ఉంటాడు? అతని డ్యూటీ అక్కడే.

బావి తవ్వారు. గ్యాసు ఉన్నచోటే ఉంది, నేను చెప్పిన చోటే. ఊపిరి బిగబట్టుకుని ఉన్నది ఒక్కసారిగా వదిలింది. పైపు గుండా తన్నుకుంటూ పైకి వచ్చింది. ఓడవాళ్ళు దాన్ని పక్క పైపులోకి మళ్ళించి సముద్రం మీదికి వదిలారు, నిప్పు అంటుకోలేదు, ఓడ దక్కింది. అంతా సాహసంగా పనిచేశారని తర్వాత మెడల్స్ కూడా ఇచ్చుకున్నారు. ఆ పక్క పైపు మూతికి చేరువలో కొండబాబు ఉన్నాడు. ఆ మోత ఎలాంటిదో నాకు తెలుసు. నాకు మోతలు కొత్త కాదు, నా చెవులు ఉక్కు డబ్బాలో భద్రంగా ఉంటాయి. అతనివి వట్టి చెవులు. అతన్ని ఒడ్డుకు తెచ్చిన రోజు లోవలక్ష్మి గుండెలు బాదుకుని ఏడుస్తుంటే, ఎందుకే ఊరికే నోరు కదుపుతావు, గట్టిగా చెప్పు అన్నాడట. రెండు చెవులూ పోయాయి. ఆ తర్వాత పడవ మీదికి వచ్చినా దరువు వేయలేదు.

విచారణ జరిగింది. దూరాల నుంచి నిపుణులు వచ్చారు. గ్యాసును ముందే ఎందుకు కనిపెట్టలేదన్నది ప్రశ్న. జవాబు తయారుగానే ఉంది. నోడ్ల గడియారాలు చెడిపోవడం వల్ల, ఆలస్యంగా వచ్చిన శబ్దం గ్యాసు వల్లనో గడియారం వల్లనో తెలుసుకునే వీలు లేకపోయింది, కాబట్టి మనుషుల తప్పేమీ లేదు. ఇదీ తీర్పు. బావి తవ్వకముందు నా గడియారం తప్పు, అందుకని గ్యాసు లేదు. బావి తవ్వాక గ్యాసు ఉంది, అందుకని నా గడియారం తప్పు. ఎటు తిప్పినా తప్పు నాదే. ఇలాంటి లెక్క మీ పిల్లలు బళ్ళో చేస్తే చెవి మెలిపెట్టరూ?

చేతులకు గ్లోవ్స్ వేసుకుని ఇద్దరు ఆఫీసర్లు నూకయ్య పడవలోకి దిగి, నన్ను ప్లాస్టిక్ సంచిలో కట్టారు. ఇది బాగానే పనిచేస్తుందని మేడమ్ గారు తేల్చారని నూకయ్య అడ్డం నిలబడ్డాడు. ఆ పరీక్షకు గుర్తింపు లేదు, పక్కకు జరుగు అన్నారు. అతను జరగలేదు. వాళ్ళే అతన్ని చుట్టుకుని పోయారు. నన్ను జీపు ఎక్కించే ముందు వెనక నుంచి నూకయ్య అన్న మాట నా చెవుల్లో ఇంకా ఉంది.

"దాన్నేం చేస్తారో చేసుకోండి. కానీ దాని తప్పు కాదని ఒక్కసారి పదిమందిలో చెప్పండి. మావోడికి వినపడదు, కనీసం కళ్ళతో చూస్తాడు."

ఎవరూ చెప్పలేదు. అద్దాల పెట్టె, అట్ట, వరండా. ఇలా ఇక్కడికి చేరాను. నా ఎదుట గోడ మీద ఒక గడియారం ఉంది, ఎప్పుడూ వెనకబడే ఉంటుంది. దాన్ని ఎవరూ ఏమీ అనరు.

పరికరాల లోపాల గురించి ఒక పాఠం చెప్పమని, ఉదాహరణకు నన్నే చూపించమని మృణాళినికి పైనుంచి ఉత్తర్వు వచ్చింది. కొత్త కుర్రాళ్ళకు నేనే గుణపాఠం కావాలన్నమాట. సరేనంది. కిందటి వారం తరగతి మొదలుపెడుతూ తాళంచెవి తెచ్చి అద్దం తెరిచింది. నన్ను బయటికి తీసి బ్యాటరీలు వేసింది. గుమ్మంలోంచి నూకయ్య తన ఐస్ పెట్టెను మోసుకొచ్చి బల్ల పక్కన దించాడు. కుర్రాళ్ళు ముక్కులు మూసుకున్నారు. దీని గడియారం చెడిపోయిందని బయట అట్ట మీద రాసి ఉంది, మీరు ఇంజనీర్లు, మీరే చూసి చెప్పండి అని ఆమె నన్ను ఐసులోకి దించింది. మిగతాదంతా కుర్రాళ్ళే చేశారు. థర్మామీటరు వాళ్ళే చూశారు, ఐసు వాళ్ళే పోశారు, వేళలు వాళ్ళే పోల్చారు. మొదట ఆటగా మొదలుపెట్టారు. వారం గడిచేసరికి ఎవరూ నవ్వడం లేదు.

ఇవాళ శిక్షణ ముగింపు. సర్టిఫికెట్లు ఇవ్వడానికి ఉమాపతి గారు హైదరాబాదు నుంచి వచ్చారు. ముందు వరసలో కుర్చీ వేశారు. వెనక వరసలో నూకయ్య, లోవలక్ష్మి, కొండబాబు కూర్చున్నారు, మృణాళిని పిలిస్తే వచ్చారు. నన్ను ఐసులోంచి తీసి బల్ల మీద పెట్టారు. నీళ్ళు కారుతున్నాయి. మీరు వారం రోజులుగా చూసింది బోర్డు మీద రాయండి అని ఆమె కుర్రాళ్ళకు చెప్పింది. ఒకమ్మాయి లేచి సుద్దముక్క తీసుకుంది. పెద్ద అక్షరాలతో, వెనక వరసకు కూడా కనపడేలా రాసింది: "గడియారం సరిగ్గానే ఉంది."

కొండబాబు ఆ మాటను పెదవులు కదుపుతూ చదువుకున్నాడు. మళ్ళీ చదువుకున్నాడు. లేచి నిలబడ్డాడు. తన గొంతు తనకే వినపడని మనిషి కదా, ఎంత గట్టిగా మాట్లాడుతున్నాడో అతనికి తెలియదు. గది కిటికీలు అదిరేలా అడిగాడు.

"మరైతే తప్పెవరిదండీ?"

నా నాలుగు చెవులూ తెరుచుకునే ఉన్నాయి. నా మూత మీంచి ఒక నీటి చుక్క నేల మీద పడింది. ముందు వరసలో ఉమాపతి గారు తన చేతి గడియారం చూసుకున్నారు.